మోత లేని పొయ్యి

మా ఆయన బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చాక మా ఇంట్లో పొయ్యి మోత చేయడం మానేసింది. మాన్పించింది నేను. ఈ సంగతి మా అత్తకు తెలియదు, మా ఆయనకు తెలియదు, ఆయన ఆరోగ్యం ఎట్లా ఉందో కనుక్కుందామని మద్రాసు నుంచి వచ్చిన డాక్టర్లకు అసలే తెలియదు. తెలియజేయాలని నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండుతుంది.

మాది రొంపిచెర్ల దగ్గర ఒక క్రైస్తవ పాలెం. యుద్ధం రోజుల్లో మా మగవాళ్లు చాలామంది ఇంట్లో గింజలు లేక పటాలంలో చేరారు. మా ఆయన నేను కడుపుతో ఉండగా రోడ్లు వేసే పటాలంలో చేరి, పిల్లకు మూడేళ్లు నిండాక వచ్చాడు. కాలూ చెయ్యీ సవ్యంగానే ఉన్నాయి. ఒంటి మీద గీత కూడా పడలేదు, అదృష్టవంతుడన్నారు అందరూ. నేనూ అట్లాగే అనుకున్నాను.

వచ్చిన కొత్తలో ఒక పొద్దున మా అత్త పొయ్యిలో కందికంప పెట్టింది. మా వైపు కంది కోశాక ఎండిన కట్టెనంతా దొడ్లో వామిలా పేర్చుకుని ఏడాది పొడుగునా వంటకు వాడుకుంటాం. బాగా ఎండిన కంప అంటుకుంటే టపటపమని పేలుతుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కనుక మేమెవరం పట్టించుకోం. ఆయన మాత్రం వాకిట్లో ఆడుకుంటున్న పిల్లను ఒక్క ఊపున లాక్కుని, గేదె కట్టేసే చోట బోర్లా పడి, దాన్ని కింద అదుముకుని, ఏడవకుండా నోరు మూశాడు. నేను ఆ చెయ్యి ఊడదీసేసరికి పిల్ల ముఖం కమిలిపోయింది. కాసేపటికి ఆయన లేచి, మట్టి దులుపుకుని, ఏమీ జరగనట్టు చుట్ట అడిగాడు. బిడ్డతో ఆడుకుంటున్నాడనుకుంది మా అత్త. ఆ రోజు నుంచి పిల్ల ఆయన దగ్గరికి పోలేదు. ఆయన అలికిడి వింటే నా కొంగు వెనక దూరేది.

అందుకని నేను కంప మానేసి పిడకల మీద వండడం మొదలుపెట్టాను. పిడక నెమ్మదిగా రగులుతుంది, పొగ పెడుతుంది గాని నోరెత్తదు. మా అత్త ఊరుకుంటుందా?

“ఏమే, దొడ్లో కంప కొండలా ఉంటే పేడంతా పొయ్యికి పెడతావేంది? చేలోకి ఏం తోలేది, నీ మొకమా? పొమ్మనలేక పొగబెడతన్నావా నాకు?”

“కంప చేతులు గీరుకుంటంది అత్తా,” అనేదాన్ని.

కొడుక్కు ఇట్లా ఉందని చెబితే ముందు నమ్మదు. నమ్మిందా, గాలి సోకిందని తాయెత్తులు కట్టించి ఊరంతా చాటుతుంది. ఆదివారం చర్చి ఆదివారానిదే, తాయెత్తు తాయెత్తుదే మా అత్తకు. దానికంటే సోమరిదాన్ననిపించుకోవడం నయమనుకున్నాను. తలుపు గడియకు గుడ్డ చుట్టాను. పోపులో ఆవాలు చిటపటమంటాయని, ఆయన చేనికి వెళ్లాకే పోపు పెట్టేదాన్ని. సాయంత్రం పాలెంలో పొయ్యిలు అంటించే వేళకు ఆయనే గేదెను తోలుకుని గట్ల మీదికి పోయేవాడు. మేతకనుకున్నారు. ఇల్లంతా ఇట్లా ఆయన చుట్టూ సర్దుకుంటే, ఊరివాళ్లు ఆయన కుదురుకున్నాడన్నారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరుగారు కబురు చెప్పారు. యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు ఒంట్లో ఎట్లా ఉంది, మనసులో ఎట్లా ఉంది, ఇళ్లలో ఎట్లా ఇముడుతున్నారు అని తెలుసుకోవడానికి మద్రాసు నుంచి డాక్టర్లు వస్తున్నారట. పైకి కనపడని జబ్బులున్నవాళ్లను మద్రాసు ఆసుపత్రిలో పెట్టి సర్కారు ఖర్చుతో నయం చేస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పవలసిన మాటను వంట చేస్తూ, నీళ్లు మోస్తూ లోలోపల కూడబలుక్కున్నాను.

పాలెంలో మగవాళ్ల తయారీ వేరే. పోలీసు ఉద్యోగాలకు మనుషుల్ని ఏరతారని ఎవడో పుకారు పుట్టించాడు. అంతే, పెట్టెల్లోని ఖాకీలు బయటికొచ్చాయి. బూట్లకు ఆముదం పట్టించారు. చలిజ్వరంతో వణికేవాడు కూడా దుప్పటి మడిచి పక్కన పెట్టి వరసలో నిలబడ్డాడు. జబ్బులు చెప్పండయ్యా అని వచ్చినవాళ్లకు పెరేడు చూపించారు మావాళ్లు. ఆ డాక్టర్లలో పెద్దాయనైనా మామూలు బట్టల్లో వచ్చాడా? భుజాల మీద ఆఫీసరు పట్టీలు మెరుస్తుంటే దిగాడు. అవి చూశాక మా మగవాళ్లలో ఎవడు నోరు విప్పుతాడు?

తర్వాత ఇళ్లు చూస్తామన్నారు. మా వరస ఇళ్లకు ఆ పెద్ద డాక్టరే వచ్చాడు, అరవాయన, వెంట తెలుగు చెప్పే దుబాసీ. మా ఇంటికి వాళ్లతోపాటు సగం పాలెం వచ్చింది.

“నీకు నిద్ర బాగుగా పట్టుచున్నదా?” అని దుబాసీ పుస్తకాల తెలుగులో అడిగాడు.

“యెస్ సార్,” అన్నాడు మా ఆయన మడమలు కలిపి.

“ఎందుకు పట్టదయ్యా, గుర్రు పెడితే ఇల్లెగిరిపోద్ది,” అన్నాడు పక్కింటి మామ. ఆయన గుర్రు ఆ మామ ఎప్పుడు విన్నాడో నాకు తెలియదు.

“చప్పుళ్లకు ఉలికిపడుట ఉన్నదా?”

“నో సార్.”

“నా కొడుకు గుండ్రాయిలా ఉన్నాడు దొరా, దిష్టి పెట్టబాకండి,” అంది మా అత్త.

నిజమే, ఆ ఇంట్లో చప్పుడంటూ ఉంటే కదా ఉలిక్కిపడడానికి. డాక్టరు ఇల్లంతా కలయజూసి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఇంత చక్కగా కుదురుకున్న మనిషిని ఈ తాలూకాలో చూడలేదంటున్నారని దుబాసీ చెప్పాడు. తలుపు చాటున కక్కలేక మింగలేక నిలబడి విన్నాను. జబ్బు కనపడకుండా రాత్రింబగళ్లు నేను కప్పిపెడితే, ఆ ముసుగు చూసి మురిసిపోతున్నారు వీళ్లు.

అంతలో మా అత్త టీ తాగుతారా అని అడిగింది. డాక్టరు తాగుతానన్నాడు. ఊళ్లోవాళ్లు మా పాలెంలో మంచినీళ్లు కూడా ముట్టరు. అట్లాంటిది పట్నం డాక్టరు మా ఇంటి టీ తాగుతానంటే మా అత్తకు కాళ్లు నేల మీద నిలవలేదు. అటు ఆమె వెళ్లింది, ఇటు డాక్టరు నా వైపు తిరిగాడు.

“ఇంటి ఇల్లాలు ఏమైనా చెప్పగోరునా?” అన్నాడు దుబాసీ.

మాట నాలిక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అత్త చంకలో కందికంపతో వంటసాల వైపు పోవడం కనపడింది. పిడకలు రాజుకునేదాకా దొరలు ఆగరని ఆమె తొందర. పిల్ల దొరల బూట్లు చూస్తూ మా ఆయన కాళ్లకు చేరువలోనే కూర్చుని ఉంది. నేను జవాబు చెప్పకుండా పరుగెత్తాను. అప్పటికే కంప అంటుకుంది. మండుతున్న దాన్ని చేత్తో లాగి కుడితి తొట్టిలో ముంచాను. అరచెయ్యి కాలింది.

అందరూ వచ్చి మూగారు. డాక్టరే స్వయంగా మందు రాసి కట్టు కట్టాడు. ఎట్లా కాలిందని నన్ను అడిగితే మా అత్త చెప్పింది.

“పెద్దోళ్లు ఇంటికొస్తే దానికి కంగారు దొరా. మండే కంప తీసి కుడితిలో పడేసింది, పిచ్చిది.”

అప్పుడు నేను నోరు విప్పాను. “ఆ మోతకి ఆయన ఉండలేడండీ. యుద్ధం నుంచి వచ్చినకాడ నుంచీ అంతే. ఒకసారి పిల్లకి ఊపిరాడనియ్యలేదు.”

దుబాసీ అది ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు మా ఆయన వైపు చూసి నిజమేనా అని అడిగాడు. మడమలు కలిశాయి.

“నో సార్.”

జనం నవ్వారు. ఆడవాళ్లకు భయమెక్కువని దుబాసీ అన్నాడు. డాక్టరు నవ్వలేదు గాని, మనిషి తన నోటితో చెప్పిందే మేము తీసుకుంటామన్నాడు.

తడవని కంప ఇంకా పొయ్యి పక్కనే పడి ఉంది. తీసి పొయ్యిలో పెడితే చాలు, మాటలతో పని లేకుండా అందరూ కళ్లారా చూస్తారు. మద్రాసు ఆసుపత్రి దొరుకుతుంది. కాలని చేత్తో పట్టుకున్నాను కూడా. ఆయన అట్లాగే నిటారుగా నిలబడి ఉన్నాడు, మెడ మీద నరం కొట్టుకుంటోంది. ఇంతమంది ముందు ఆ మనిషిని నేల మీద బోర్లా పడేయడానికి నాకు మనసొప్పలేదు. కంప కింద పెట్టి పిడకలు రాజేశాను. ఆలస్యంగా వచ్చిన టీ తాగి, బాగుందని, వాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ పెట్టేవాళ్లే ఇంటికొచ్చి కావాలా అని అడిగితే వద్దన్నాడు ఈయన. డాక్టరు మీద కోపం, అత్త మీద కోపం, గుర్రు విన్న మామ మీద కోపం, అన్నిటికంటే ఆయన మీద కోపం. జనం వెళ్లిపోయాక ఆయన నా చేతి కట్టు చూశాడు, పొయ్యి చూశాడు, దొడ్లో తరగని కంప వామి చూశాడు.

“ఎన్నాళ్ల బట్టి పిడకల మీద వండతన్నావు?”

“నువ్వొచ్చిన కొత్తల్నించి.”



మర్నాడు పొద్దున లేచేసరికి ఆయన పంచె ఎగ్గట్టి, పేడ కలిపి, దొడ్డిగోడకు పిడకలు కొడుతున్నాడు. నా చెయ్యి పనికిరాదు కదా మరి. మగవాడు పిడకలు కొట్టడం మా పాలెంలో ఎవరూ చూసి ఎరగరు. నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి చూశారు.

“మిలట్రీలో ఇదే నేర్పారా బావా?” అంది ఒకామె.

మా అత్త వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. “ఒరేయ్, ఆడోళ్ల పనేందిరా నీకు? ఊరు నవ్వుద్ది. అంత కంప ఉండగా పిడకలేందిరా?”

ఆయన గోడ వైపు తిరిగే చెప్పాడు. “కంప పేలితే నేను ఇంట్లో ఉండనమ్మా. మళ్లా ఆ బర్మాలోకే పోతా. పిల్లనేం చేస్తానో నాకే తెలవదు.”

నిన్న ఇదే ఇంటికి ఈ ఒక్క మాట కోసమే కదా వాళ్లు అంత దూరం నుంచి వచ్చింది. జీపు ఈపాటికి ఇంకో పాలెం చూడడానికి గురజాల దాటి మాచర్ల దారిలో ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్లుమంటతో వచ్చిన ఏడుపు. ఒక్క రోజు ముందు అని ఉంటే ఏం పోయేది? ఆ డాక్టర్లు మళ్లీ మా వైపు రాలేదు. మా ఆయన మద్రాసు చూడలేదు.

కొడుకు మాట విని మా అత్త వామి దగ్గరికెళ్లి, కంప మోపులు కట్టి, ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని పాలెం దాటించి చేని గట్టున పడేసి వచ్చింది. మధ్యాహ్నానికి దొడ్డి ఖాళీ అయింది. అప్పుడొచ్చి కొడుకు పక్కన కూలబడింది.

“జరగరా, పిడక అట్లాగా కొట్టేది,” అంది.

పిల్ల నా కొంగు వదిలి వెళ్లి నాయనమ్మకు ఇవతలి పక్కన కూర్చుంది. అవతలి పక్కకు, వాళ్ల నాన్న దగ్గరికి చేరడానికి దానికి ఇంకా చానాళ్లు పట్టింది.