చిల్లకల్లు మలుపు, మామిడికాయ పప్పు

1961 వేసవిలో నేను నందిగామ సెక్షనులో రోడ్ల శాఖ సూపర్‌వైజరుని. చేరి ఏడాది కూడా నిండలేదు. సూపర్‌వైజరంటే పని దగ్గర నిలబడి చేయించేవాడు. పైన అసిస్టెంటు ఇంజనీరు, ఆయన పైన ఈ.ఈ., అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. చిల్లకల్లు దాటాక హైదరాబాదు రోడ్డు మీద ఒక చిన్న కల్వర్టు నా చేతిమీదుగా కట్టించాను.

దాని స్లాబు పోసిన మధ్యాహ్నం నేను జగ్గయ్యపేట వెళ్ళి, కమ్మగా భోంచేసి వచ్చాను. ఆ గంటన్నరలో కూలీలు కాంక్రీటును చువ్వలతో సరిగ్గా కూరలేదు. తర్వాత చెక్కలు విప్పితే స్లాబు అడుగున కంకర పళ్ళికిలించింది. దీన్ని మేము తేనెపట్టు అంటాం. అంత తేనెపట్టుంటే స్లాబు కొట్టేసి మళ్ళీ పోయాలి. నేను మాత్రం మేస్త్రీ చేత సిమెంటు పూత పెట్టించి ఊరుకున్నాను.

ఈ.ఈ. గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. చేతికర్రతో తట్టి, చప్పుడును బట్టి లోపలి సంగతి చెప్పేస్తారని ఆయనకు పేరు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో నాకు అన్నం సహించలేదు. చివరికి ఓ ఉపాయం తోచింది. ఆయన భోజనప్రియులు. కడుపు నిండా పెట్టిస్తే భుక్తాయాసంతో జీపు దిగరని నా ఎత్తు.

నందిగామలో జీపెక్కింది మొదలు జగ్గయ్యపేటలో మహాలక్ష్మమ్మ గారి పూటకూళ్ళ ఇంటి గొప్పలు చెబుతూనే ఉన్నాను. చిల్లకల్లు మలుపు రాగానే ఆయనే డ్రైవరుతో, "పేటకి తిప్పవోయ్" అన్నారు.

విస్తళ్ళు వేశారు. గోంగూర, ఆవకాయ, గుమ్మడి వడియాలు వచ్చాయి. ఎంతకీ అన్నం, పప్పు రావు. మహాలక్ష్మమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు.

"కాసేపు ఓర్చుకోండి బాబూ. మామిడికాయ పప్పు అడుగంటింది. పారబోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టా."

ఈ.ఈ. గారు ఆకలి మీదున్నారు. "ఇంగువ పోపు పెట్టి తెచ్చెయ్యకపోయారా అమ్మా? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ముప్పావుగంట తర్వాత వచ్చిన ఆ పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. వేడన్నం, వెన్న కాచిన నెయ్యి. ఈ.ఈ. గారు మూడుసార్లు మారు వేయించుకున్నారు. నాకు ముద్ద ముద్దకీ ఆవిడ మాటే అడ్డం పడింది.

నా ఎత్తు పారింది. కల్వర్టు దగ్గర ఆయన సగం కళ్ళు తెరిచి, "బాగానే ఉందిగా, పోనీయ్" అన్నారు.

"ఆపండి సార్" అన్నాను. పూత సంగతి, నేను భోజనానికి వెళ్ళిన సంగతి చెప్పేశాను.

ఆయన జీపు దిగి, స్లాబు కిందికి వెళ్ళి, రెండుచోట్ల తట్టి వచ్చారు. మెమో ఇస్తారనుకున్నాను.

"ఆవిడ మళ్ళీ వండింది కదయ్యా. నువ్వూ వండు" అని జీపెక్కి, సగంలో ఆగిన కునుకు తీశారు.

స్లాబు కొట్టించి మళ్ళీ పోయించాను. తర్వాత ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, పని లేకపోయినా పేటకి మళ్ళి ఆవిడ చేతి అన్నం తినేవాణ్ణి. ఇప్పుడు ఆ పూటకూళ్ళ ఇల్లూ లేదు, ఆవిడా లేరు. ఆ రోజులు తలుచుకుంటే బెంగగా ఉంటుంది. కానీ రిటైరయ్యేదాకా కాంక్రీటు పోసే రోజున మాత్రం నేను ఎంత మంచి భోజనానికీ పని వదిలి కదల్లేదు.