అత్తగారి వాకిట్లో రబ్బరు చక్రాలు

ఏడాదిగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, వినే దిక్కు లేదు. పెద్దమనుషుల ముందు చెప్పుకుంటే వాళ్లు చివరిదాకా విని, "అది సరేగానీ, ఆ టైర్లు ఎక్కడ దొరికినాయి?" అని అడిగారు. మా మామగారికి మూడు కార్డులు రాశాను. మూడింటికీ జవాబు వచ్చింది. అందరూ క్షేమమట, వాన పడిందట, బర్రె ఈనిందట. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశారు. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. అత్తగారి ఊరు కొనకనమిట్ల వైపు. నడుమ మార్కాపురం. కోడి కూసే వేళ బండి కడితే మధ్యాహ్నం దాటాక చేరతాం. మా ఇంట్లో మనుషులు ఎక్కే బండి ఒక్కటే, గూడు బండి. పెళ్లికైనా ఆసుపత్రికైనా అదే. చక్రాలకు ఇనుప పట్టాలు. మార్కాపురం దాటేదాకా దారి నిండా పలకరాయి చెక్కలే కాబట్టి, వాటి మీద ఇనుము ఎక్కితే లోపల కూర్చున్నవాళ్లు సైగలతో మాట్లాడుకోవాలి.

నాకు కొడుకు పుట్టాడని కబురొస్తే చూడటానికి వెళ్లాను. పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టకముందే మా అత్తగారు ఒక మాట అన్నారు.

"మా అల్లుని బండి ఊరి బయట మలుపు తిరిగితే సాలు, మా పొయ్యి మీద మూతలు కదులుతాయి. ఆ గడగడల బండిలో పసిగుడ్డును పంపేది లేదు. ఐదో నెలలో తీసకపోను వస్తావు గదా నాయనా, చప్పుడు లేని బండి తెచ్చుకో."

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ నలుగురూ ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

సరే, చప్పుడు లేని బండే తెస్తానన్నాను. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని అరిచేత్తో తట్టాడు.

"ఈ పట్టా నా పెండ్లినాడు వేయించినాము. ఇంకా అట్లనే ఉంది. నీ రబ్బరు ఎన్నాళ్లుంటాదిరా?"

"నీ మనవడు బండి తోలేదాకా ఉండేదే తెస్తా నాయనా."

"వాడు తోలేదాకా ఏమోగాని, నువ్వు తెచ్చేదాకా నేనుంటే సాలు" అన్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. కొత్త టైరు అన్నది మాలాంటివాళ్ల కంటికి కనబడే వస్తువు కాదు. మార్కాపురంలో బస్సులు ఆగేచోట ఒక సాయిబు ట్యూబులకు అతుకులు వేసేవాడు. పాత మోటారు ఇరుసును బండి కింద బిగించి, పాత టైర్లు తొడిగి ఇచ్చేది ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆయన దగ్గర మూడు జతలున్నాయి.

మొదటి జత మిలిటరీ లారీవి. దున్నిన చేను మాదిరి లోతుగా చాళ్లు. మా నాయనకు నేనిచ్చిన మాట నిలబెట్టగలిగేవి అవే. రెండోది ఏ దొర కారుదో, అరిగి అరిగి నున్నగా తేలింది, పక్కల్లో నూలు కనబడుతోంది. మూడోది రెండింటికీ నడిమిది. నేను మూడు జతలనూ ఒక్కొక్కటిగా రోడ్డు మీద దొర్లించమని సాయిబుకు చెప్పి, పక్కన గొంతుక్కూర్చుని చెవి పెట్టాను.

"ఏందన్నా ఇది? టైరు కొనేటోళ్లు గోరుతో గీకి చూస్తారు. నువ్వు నాడి చూసేటట్లున్నావే!"

"చప్పుడు చేస్తాదేమో చూస్తాండా భాయ్."

"రబ్బరేం చప్పుడు చేస్తాదన్నా, దాని నోరేమన్నా మీ అత్తదా?"

తెలిసే అన్నాడో తెలియక అన్నాడో గానీ, నేను నవ్వలేదు. ఆ మిలిటరీ టైరు తారురోడ్డు మీద తేనెటీగల మాదిరి జుమ్మని పాడింది. నున్నటిది అసలు పలకలేదు గానీ, ఒక్క ఎండాకాలం కూడా బతికేది కాదు. నడిమి జతను నేను పలకరాయి చెక్కల మీద పది మార్లు దొర్లింపజేశాను. సాయిబు విసిగిపోయి, పదకొండోసారి నువ్వే దొర్లించుకోమన్నాడు. దొర్లించుకున్నాను. ఎక్కడా కోత పడలేదు. తుమ్మముళ్లు దిగకుండా టైరుకూ ట్యూబుకూ నడుమ పాత ట్యూబు కోసి పొరగా వేయించాను. ఇదంతా తేలడానికి నాలుగు వారాలు పట్టింది. ఎద్దులకైనా అంత ఎంచి చూడలేదని మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఐదో నెలలో మంచిరోజు చూసి మామగారు కబురు పంపారు. ముందురోజు నేను అక్కడికి చేరాలి. మర్నాడు పొద్దున్నే తల్లీబిడ్డలతో బయలుదేరాలి. నేను బండి కట్టాను. పిల్లవాడి నిద్ర చెడుతుందని ఎద్దుల మెడల్లో గంటలు కూడా విప్పేశాను. ఒకరు చెప్పి చేయించినది కాదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఒక్కరైనా గుర్తించలేదు.

బండి నడిచినట్టే లేదు, నీళ్లమీద పోయినట్టు పోయింది. కొనకనమిట్ల దగ్గర దారికి అడ్డంగా గొర్రెల మంద. ఇనుప చక్రాలకైతే అర పర్లాంగు ముందే చీలిపోయేవి. ఇప్పుడు తల కూడా తిప్పలేదు. గొర్రెలాయన ఎద్దు ఊపిరి వీపుకు తగిలాక ఉలిక్కిపడి, "చెప్పాపెట్టకుండా మీదికొస్తావేందయ్యా! నోరు లేదా?" అని తిట్టాడు. నాకు సంతోషమే అయింది. సాయిబు పని బాగా చేశాడనుకున్నాను.

మా వైపు ఒక మర్యాద ఉంది. అల్లుడి బండి చప్పుడు వినగానే ఇంట్లోంచి ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు తీసుకుని వాకిట్లోకి వస్తారు. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చాకే అల్లుడు బండి దిగుతాడు. తానే దిగి తలుపు తట్టేవాడు దారి తప్పినవాడైనా కావాలి, పని వెతుక్కుంటూ వచ్చినవాడైనా కావాలి.

నేను వాకిట్లో బండి ఆపి కూర్చున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి మా అత్తగారి గొంతు వినబడింది.

"ఇంకా రాకపాయెనే. చప్పుడే లేదు."

నా భార్య గొంతు: "ఆయన సంగతి నీకు తెల్దా అమ్మా. ఎవరి మీదనో అలిగి దారిలోనుంచే ఎనక్కు పోయుంటాడు."

పిలవడానికి తెరిచిన నోరు ఆ మాటకు మూసుకున్నాను.

ఎదురింటి పెద్దాయన గడ్డిమోపుతో వస్తూ ఆగాడు. "ఏంది అల్లుడా, బండిలోనే కూసున్నావు? గాజులు అమ్మేటోడైనా ఒక కేక వేస్తాడు గదా!"

"నేను అమ్మేదానికి రాలేదు మామా."

"నేను పిలిచేదా మీ అత్తను?"

"వద్దు. నువ్వు పిలిస్తే అది నీ మర్యాద అవుతాది, వాళ్లది కాదు."

ఆయన మోపు సర్దుకుని, నన్నూ ఎద్దులనూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. ఎద్దులు నీళ్లకోసం తలలు తిప్పి చూస్తున్నాయి. ఎండ గూడులోకి వచ్చి నా మోకాళ్ల దాకా పాకింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మా అత్తగారు గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చి వాకిట్లోకి విసిరారు. నీళ్లు కుడి చక్రం మీద పడ్డాయి. ఆ వాకిట్లో ఆ రోజు కాళ్లు కడిగించుకున్నది నా టైరు ఒక్కటే. తర్వాత ఆమె తలెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊరి బయట మలుపు వైపు చూశారు. ఆ మలుపుకూ ఆమె కంటికీ నడుమ నేనున్నాను. ఒక్క నిమిషం చూశారు. లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.

నేను బండి తిప్పాను. అదీ ఎవరికీ వినబడలేదు.

సాయంత్రం వాకిట్లో టైరు జాడలు చూసి, తాసీల్దారు మోటారు వచ్చిపోయిందేమోనని వాళ్లు కంగారు పడ్డారట. ఎదురింటాయన చెప్పాక గానీ తెలియలేదట. తెలిసిన తర్వాత వాళ్లు చేసిందేమిటి? నేనెందుకు కేక వేయలేదని నన్నే అడిగి పంపారు. మీ అత్తకు చూపు ఆనదు అని మామగారి మాట. మనవరాళ్ల తలలో పేలు వెతికే చూపు, రెండు ఎద్దులనూ ఒక బండినీ ఒక అల్లుణ్ణీ చూడటానికి చాలలేదు కాబోలు.

ఐదో నెల పోయింది. ఏడు, తొమ్మిది, పదకొండు, పంపదగిన నెలలన్నీ పోయాయి. నా భార్య ఒక మనిషితో చెప్పి పంపింది: "లోపలికి రావడానికి నీళ్లచెంబే కావాల్నా? నేనుంటే సాలదా?" ఆ మాటకు జవాబు తర్వాత చెబుతాను. అడిగిన వరసలో నా ప్రశ్నే ముందు. టైర్లు మాత్రం అరగలేదు. అరిగేంత దూరం పోనిస్తే కదా.

మొన్న సంతలో ఆ ఊరి మనిషి కనబడ్డాడు. మా వాడికి నడక వచ్చిందట. వీధిలో ఎవరి బండి గడగడలాడినా, నాయన వచ్చినాడని వాకిట్లోకి పరుగెత్తుతాడట. తీరా చూస్తే వేరే ఎవరో ఉంటారట.

అందుకే ఈసారి కార్డు కాదు, అందరూ చదివేటట్టు ఇట్లా రాస్తున్నాను. మామా, అత్తగారిని కూర్చోబెట్టి అడగండి. ఆ మధ్యాహ్నం చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినప్పుడు నేను ఆమెకు కనబడ్డానా, లేదా? కనబడ్డావంటే తగువు పడను. కనబడలేదంటే మారు మాట్లాడను. జవాబు ఏదైనా సరే, అందిన మర్నాడే బండి కడతాను. అవుననో కాదనో ఒక్క ముక్క రాయండి. ఇంకెన్నాళ్లు అడగమంటారు, జవాబు చెప్పండి.