ఐరాల చేనిగట్టున రాతి ఎద్దు

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో డ్రాయింగు మాస్టరును. మా బడి అటెండరుది ఐరాల. ఒకనాడు, "మా ఊర్లో గోడలు కట్టే మునస్వామి సున్నం, మట్టి లేకుండా ఉత్త రాళ్లతోనే ఎద్దును నిలబెడతా ఉండాడు సారూ. రెండు తూర్లు కూలిపోయింది" అన్నాడు. పదేళ్లుగా పిల్లలకు ఎద్దు బొమ్మ నేర్పుతున్నాను, నాకు తెలియని ఎద్దా అనుకుని ఆదివారం బయల్దేరాను.

ఆరింటికి చిత్తూరు బస్సెక్కాను. టికెట్ ఐదారు రూపాయలు. పూతలపట్టులో దిగి, టీ తాగి, ఇంకో బస్సులో ఐరాల చేరేసరికి తొమ్మిదిన్నర. రెండు మైళ్లు నడిస్తే చేనిగట్టున, వేరుశనగ చేలో ఏరిన రాళ్లతో నా భుజాలెత్తు ఎద్దు! మూపురం ఒక్కటే తక్కువ. నేను వెళ్లగానే మునస్వామి భార్య మంగమ్మ చెప్పేసింది. "ఈ తూరి కూలితే రాళ్లన్నీ గొర్రెల దొడ్డి గోడకే సారూ. ఈయప్ప ఒప్పుకున్నాడు." మునస్వామి నవ్వి ఇంకో రాయి అందుకున్నాడు.

నేనూ చెయ్యి వేస్తానన్నాను. "రాయి ఎత్తితే మళ్లీ కింద పెట్టకూడదప్పా. సోటు దొరికేదాకా సేతిలోనే" అన్నాడు. రాయి మోసుకుంటూ ఎద్దు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశానో! చివరికి మూపురం మొదట్లో, మెడ దగ్గర ఇరికించాను. కదులుతోంది. ఆయన సంగటి తినడానికి వెళ్లగానే, పరువు కోసం, నీళ్ల కుండ పక్కన తడి మట్టి తీసి సందులో కూరేశాను.

ఆయన తిరిగొచ్చి అరచేత్తో తడిమాడో లేదో, దొరికిపోయాను. "అయ్యో సారూ! సందులుంటేనే వాన నీళ్లు పోయేది. మట్టి నానితే ఉబ్బి రాళ్లను తోసేస్తాది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పోయిన తూరి నేను సేసిందీ ఇదే. మంగమ్మకు సెప్పొద్దు."

మట్టి గీకేసి, నా రాయిని తిప్పి పెట్టి, పక్కన చిన్న రాతిముక్క బిగించాడు. ఇక కదల్లేదు. నాలుగింటికి మూపురం నిలిచింది. కట్టినవాడే ఎక్కి చూపించాలట. ఆయన కాలెత్తగానే మంగమ్మ అడ్డం వచ్చింది. "నువ్వుండు, నేనెక్కుతా. ఈ తూరి మట్టి పెట్టలేదు కదా?"

మునస్వామి మొహం చూడాల్సిందే! ఆమెకు మొదటినుంచీ తెలుసు. పైట బిగించి ఎద్దు వీపు మీద నిలబడి, రెండుసార్లు గట్టిగా తొక్కింది. ఒక్క రాయీ జారలేదు. "దొడ్డికి వేరే రాళ్లు ఏరుకో పో" అంది, దిగకుండానే. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఎద్దు బొమ్మలు వేల కొద్దీ గీశాను గానీ, ఇన్నేళ్ల వానలు తట్టుకున్నది మాత్రం నేను ఒక్క రాయి పెట్టిన ఆ ఎద్దే. ఇప్పటికీ అటు వెళ్తే ముందు దాని మెడ తడుముతాను. మీరు వెళ్తే ఏ గోడకో చెయ్యి వేయమంటారు, చేతులకు పాత గుడ్డ చుట్టుకోండి. అక్కడ రాయి ఎత్తాక దించనివ్వరు.