మాస్టరమ్మ నడుముకు కొలిచిన కారు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. కటింగ్ మాస్టరంటే మగవాడే అనుకునే రోజుల్లో కత్తెర పట్టి, స్కూలు యూనిఫారాల నుంచి నర్సుల కోట్ల దాకా ఇరవై ఏడేళ్లుగా కత్తిరిస్తున్న మనిషి కాబట్టి అందరికీ మాస్టరమ్మ అయిపోయింది. మెడలోంచి టేపు తీసేది స్నానానికీ నిద్రకీ మాత్రమే. మనిషి షాపు గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం దిగి ఉందని ఆమె కంటికి తెలిసిపోయేది. "అద్దానికి మొహమాటం ఉంటుంది, టేపుకు ఉండదు" అనేది.

అలాంటి మనిషికి యాభయ్యో ఏట నడుము పట్టేసింది. ఒక సోమవారం పొద్దున కింది అరలోంచి యూనిఫారం బట్ట తాను ఎత్తబోతే, వెనక నుంచి ఎవరో చువ్వతో పొడిచినట్టయింది. తాను ఒక పక్క పడింది, ఆమె ఒక పక్క పడింది. డిస్కు జారి ఎడమ కాలి నరాన్ని నొక్కుతోందన్నాడు డాక్టరు. కొన్ని వారాలు అడుగు తీసి అడుగు వేయడమే గగనమైంది. తర్వాత ఫిజియోథెరపిస్టు చేతిలో పడి, నెమ్మదిగా నిలబడి, నడిచి, మళ్లీ షాపు మెట్లెక్కింది. రాగానే చేసిన మొదటి పని, కటింగ్ బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించి ఎత్తు పెంచడం. వంగడం మానేసింది, నొప్పి తోక ముడిచింది. నిలబడితే బాగుండేది, నడిస్తే ఇంకా బాగుండేది. కారెక్కితేనే వచ్చేది చిక్కంతా.

వాళ్ల పాత కారు సీటు కూర్చుని కూర్చుని గుంట పడిపోయింది. అందులో ఇరవై నిమిషాలు దాటితే పిరుదు నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టుండేది. క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండేది. భర్తకు నడపమని ఇద్దామా అంటే, పోస్టాఫీసు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు గడిపిన ఆ మనిషికి స్టీరింగంటేనే భయం. బస్సు సంగతి సరేసరి.

ఆమె అక్క ఉండేది అక్కడికి ఐదు గంటల దూరంలో. మూడేళ్ల కింద, నడుము పట్టేసిన కొత్తలో, అక్క మనవరాలి పుట్టినరోజుకు మాస్టరమ్మ పళ్లు బిగబట్టుకుని వెళ్లింది. వెళ్లాక కూర్చోలేక లోపలి గదిలో పడుకుంది. హాల్లో నలుగురి మధ్య అక్క నవ్వుతూ అన్న మాట తలుపు సందులోంచి వినబడింది. "పని తప్పించుకోవడానికి ఇదో కొత్త జబ్బు. చిన్నప్పుడు అంట్లు తోమే వేళకు దీనికి కడుపునొప్పి వచ్చేది చూడండి, అలాగే ఇదీనూ."

ఆ తర్వాత మాస్టరమ్మ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఫోన్లో అడిగినప్పుడల్లా "నడుము నొప్పే, అంతసేపు కూర్చోలేను" అనేది. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

ఒకరోజు షాపులో కాలర్లు కత్తిరిస్తుండగా అక్క ఫోన్ చేసింది.

"మోకాలు ఆపరేషన్ చేయాలంటున్నారే. వచ్చే నెల పదహారున. కోడలికి సెలవు లేదట. నువ్వెలాగూ రాలేవులే. నీ నడుము నొప్పి మా ఊరి దారిలోనే కదా మొదలయ్యేది."

మాస్టరమ్మ కత్తెర కింద పెట్టింది. కోపం రావాల్సిన మాటే. కానీ అక్క గొంతులో ఎప్పుడూ లేని బెరుకు ఉంది.

"పద్నాలుగుకల్లా అక్కడ ఉంటాను. నీ మోకాలు సరిగ్గా మడత పడేదాకా కదలను."

"ఎలా వస్తావే?"

"ఎలా వచ్చేదీ నేను చూసుకుంటాగా!"

ఆ సాయంత్రమే కారు మార్చాలని భర్తతో చెప్పింది. ఆయన ఆ మాట తమ్ముడి చెవిన వేశాడు. అంతే, తేనెతుట్టె కదిలింది. ఆ మరిదికి సొంత కారు లేదు గానీ, వీధిలో వెళ్లే ప్రతి కారు పుట్టుపూర్వోత్తరాలూ చెప్పగలడు. మర్నాడే అన్ననూ వదిననూ ఒక షోరూముకు లాక్కెళ్లి, నేలకు కరుచుకున్నట్టున్న ఎర్ర కారు ముందు నిలబెట్టాడు.

"కూర్చో వదినా. మేఘం మీద కూర్చున్నట్టు లేకపోతే నన్నడుగు!"

కూర్చోవడం కాదు, ఆ సీట్లోకి దిగాల్సి వచ్చింది, బావిలోకి దిగినట్టు. దిగాక మాత్రం నిజంగానే మేఘమే. వెన్ను వెచ్చగా కూరుకుపోయింది. మరిది మొహం వెలిగిపోయింది. ఆమె భర్త చేతి గడియారం అడిగి తీసుకుని, కదలకుండా అలాగే కూర్చుంది. పన్నెండో నిమిషానికి పిక్కలో చీమ కుట్టింది. పదిహేనో నిమిషానికి మడమ మండింది. పైకి లేవడానికి ఒకవైపు భర్తా, మరోవైపు మరిదీ చేయి పట్టాల్సి వచ్చింది.

"మరిదిగారూ, మేఘం బాగానే ఉంది. కానీ మేఘం మీద కూర్చున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కింద పడాల్సిందే."

ఫిజియోథెరపిస్టుకు ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు. "మెత్తనిదల్లా హాయి కాదమ్మా. మెత్తటి సీట్లో నడుము కిందికి జారి వెన్ను విల్లులా వంగుతుంది. తుంటి మోకాళ్లకంటే ఒక్క పిసరు పైకి ఉండాలి. నడుము వంపు దగ్గర సీటు చేయి పెట్టినట్టు ఆనాలి. ఎక్కేటప్పుడు ముందు పక్కకు తిరిగి కూర్చోవాలి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. అలా చేయడానికి వీల్లేని కారు ఎంత గొప్పదైనా నీకు పనికిరాదు."

మాస్టరమ్మకు దారి దొరికింది. ఇన్నాళ్లూ వచ్చినవాళ్ల ఒంటికి బట్ట కుట్టింది, ఇప్పుడు తన ఒంటికి కారు వెతుక్కోవాలి. ఇంట్లో నొప్పి లేకుండా కూర్చోగల కుర్చీ ఒకటే ఉంది, భర్త ఉత్తరాలు రాసుకునే చెక్క కుర్చీ. అందులో కూర్చుని, ఆయన చేత టేపు పట్టించింది. సీటు మీద నుంచి నడుము వంపుకు ఎంత, వీపు నుంచి మోకాలి వెనక్కి ఎంత. నిలబడి, వంగకుండా తుంటి ఆనించగలిగే ఎత్తు నేల నుంచి ఎంత అని కూడా కొలిపించింది. ఇరవై నాలుగున్నర అంగుళాలు వచ్చింది. అన్నీ షాపులో కొలతలు రాసే గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో రాసుకుంది.

"నన్ను కొలవడం నీకు అలవాటు గానీ, నిన్ను కొలవడం నాకు ఇదే మొదలు," అన్నాడు భర్త, టేపు తలకిందులుగా పట్టుకుని.

"అందుకే మూడుసార్లు కొలవమన్నాను."

రెండో షోరూములో సేల్సుమన్ నడివయసు మనిషి, చక్కటి టై కట్టుకున్నాడు. కారు పైకప్పు తెరిచి చూపించాడు. తెర మీద పాటలు పెట్టి వినిపించాడు. అంతా ఓపిగ్గా విని మాస్టరమ్మ అడిగింది.

"నేల నుంచి సీటు ఎంత ఎత్తు బాబూ?"

అతను చేతిలోని పుస్తకం తిరగేశాడు. అందులో అద్దాల రంగు దాకా ఉంది, అదొక్కటే లేదు. ఆమె మెడలోంచి టేపు తీసింది. ఇరవై నాలుగు ముప్పావు. సీటు పొడవు సరే. మోకాలి వెనక మూడు వేళ్ల సందు, సరే. నడుము దగ్గర వంపు, అచ్చు గుద్దినట్టు. క్లచ్ లేదు, ఎడమ కాలికి పనే లేదు. కాగితం మీద వరసగా టిక్కులు పడ్డాయి. సీట్లో నలభై నిమిషాలు కూర్చుంది. పక్క సీట్లో భర్త ఓ కునుకు తీశాడు. సేల్సుమన్ మూడుసార్లు వచ్చి వెళ్లాడు.

"ఏమైనా ఇబ్బందా మేడమ్?"

"ఏం లేదు నాయనా. ఇబ్బంది వస్తుందేమోనని చూస్తున్నా."

రాలేదు. ఇక ఇదే మన కారని ఆమె తీర్మానించేసింది. అడ్వాన్సు కట్టేద్దామని లేవబోతుంటే, ఆపింది భర్తే. "నిలబెట్టిన కారులో కూర్చున్నావు. నడిపి చూడవా?"

"కొలతలన్నీ కుదిరాయిగా!"

"కొలతలు కుదిరినా నువ్వు ట్రయల్ వేసి చూడకుండా ఎవరికైనా బట్ట ఇచ్చావా?"

ఆమె తాళంచెవి అడిగి తీసుకుంది. కారు బయటికి తీసి అరగంట నడిపింది. పావుగంట దాటేసరికి కుడి తుంటి పీకడం మొదలైంది. ఎందుకో అర్థం కాలేదు. బండి పక్కకు ఆపి, తలుపు తీసి కిందికి చూస్తే అప్పుడు బోధపడింది. పెడల్సు సీటుకు ఎదురుగా లేవు, ఎడమకు జరిగి ఉన్నాయి. నడిపినంతసేపూ నడుము ఒకవైపూ కాళ్లు ఒకవైపూ మెలితిరిగి ఉన్నాయన్నమాట. ఆ మెలిక ఏ టేపుకూ అందేది కాదు.

ఇంటికొచ్చి మరిది ముందే ఒప్పుకుంది. "పప్పులో కాలేశాను. టేపును నమ్మి ఒంటిని అడగడం మరిచిపోయాను."

మరిది కాలరెగరేశాడు. "అందుకే చెప్పాను, ఆ ఎర్ర కారు..."

"నీ ఎర్ర కారులోకి దిగడానికి నిచ్చెన కావాలయ్యా. పడుకో."

మూడో కారును మరిది చూడగానే రొట్టెల డబ్బా అన్నాడు. నిజంగా డబ్బాలాగే ఉంది. నాలుగు పక్కలా నిటారుగా గోడలు, గోడంత తలుపులు, పెద్ద పెద్ద అద్దాలు. కానీ తలుపు తీసి పక్కకు తిరిగి కూర్చుంటే, తుంటి వంగకుండా సీటు దానంతట అదే వచ్చి అందుకున్నట్టయింది. ఇందులోనూ క్లచ్ లేదు, పెడల్సు నేరుగా కాళ్ల ముందున్నాయి. స్టీరింగ్ ముందుకూ వెనక్కూ కదిలింది, భుజాలు సీటుకు ఆనించే పట్టుకోవచ్చు. డిక్కీ అంచు తక్కువ ఎత్తులో ఉంది, బట్టల మూట పైకెత్తకుండా లోపలికి నెట్టేయొచ్చు.

అందులోనే రెండు రకాలున్నాయి. ఖరీదైనదానికి మెరిసే పెద్ద చక్రాలు, వాటి చుట్టూ రిబ్బనంత పలుచటి టైర్లు. మామూలుదానికి చిన్న చక్రాలు, లావాటి టైర్లు. ఈసారి మాస్టరమ్మ తొందరపడలేదు. రెండింటినీ మార్కెట్ వెనకున్న గతుకుల రోడ్డు మీదికే తీసుకెళ్లింది. పెద్ద చక్రాల బండి ప్రతి గతుకునూ ఆమె వెన్నుపూసకు విడివిడిగా లెక్క చెప్పింది. చిన్న చక్రాలది గతుకును తానే మింగేసి ఊరుకుంది.

"అందరూ పైదాన్ని తీసుకుంటుంటే నువ్వు కిందిదాన్ని తీసుకుంటావేంటి వదినా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మరిది.

"నలుగురూ నా నడుముతో కూర్చోరు కదయ్యా."

ఆ మాటతో బేరం కుదిరిపోయింది.

పద్నాలుగో తేదీ తెల్లవారగానే బయల్దేరారు. ముప్పావుగంటకోసారి బండి ఆపి పది నిమిషాలు నడవాలన్నది ఫిజియోథెరపిస్టు ఆజ్ఞ. దాన్ని అమలు చేసే ఉద్యోగం భర్తది. కౌంటర్ మూసే వేళ ఎంత కచ్చితంగా పాటించేవాడో అంత కచ్చితంగా "టైమయింది, దిగు" అనేవాడు. పెట్రోలు బంకుల్లో, టీ కొట్ల ముందు, ఒకచోట ఎవరో ఇటుకలు పేర్చుకుంటున్న ఖాళీ స్థలంలో ఇద్దరూ అటూ ఇటూ పచార్లు చేశారు. మూడో గంటలో కాలు కొద్దిగా లాగింది. సీటు ఒక్క మెట్టు పైకి లేపింది, సర్దుకుంది. ఐదు గంటల దారి ఆరున్నర గంటలు పట్టింది. అయినా అక్క ఇంటి ముందు దిగేటప్పుడు ఆమె ఎవరి చేయీ పట్టుకోలేదు.

అక్క గుమ్మంలో కర్ర ఆనించుకుని నిలబడి ఉంది. చెల్లెలు నిటారుగా నడిచి రావడం రెప్పవేయకుండా చూసింది. "చిక్కిపోయావే," అంది.

ఆపరేషన్ సజావుగా జరిగింది. ఐదో రోజున ఇంటికి పంపించారు. ఆసుపత్రి వరండాలో, కట్టు కట్టిన కాలుతో అక్క బిక్కమొహం వేసుకుంది. "ఈ కాలు వంగదే. కారులో ఎలా దూరను?"

"దూరక్కర్లేదు. నేను చెప్పినట్టు చెయ్యి." ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపింది. "వెనక్కి తిరుగు. నీ వీపు కారు వైపుకు ఉండాలి. ఊఁ, ఇప్పుడు చేయి వెనక్కి పెట్టి సీటు తడుముకో. అందిందా? కూర్చో. కాలు నేను పట్టుకుంటా, నెమ్మదిగా తిరుగు."

అక్క కూర్చుంది. మూలుగు రాలేదు. రానందుకు ఆమే ఆశ్చర్యపోయింది. మాస్టరమ్మ అటు తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నా, అక్క కళ్లు తన మోకాలి మీదే ఉన్నాయి.

"నొప్పి పైకి కనబడదు కదే," అంది చివరికి. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. విన్నావని నాకు అప్పుడే తెలుసు. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు."

మాస్టరమ్మ తాళం తిప్పబోయి ఆగింది.

"నొప్పి నిజమేనక్కా. రాకపోవడానికి అదొక్కటే కారణం కాదు. కాస్త మొండితనం కూడా. నడుము చాటున దాక్కున్నాను."

"తెలుసులే. నీ అక్కను కదా."

వెనక సీట్లోంచి భర్త గొంతు సవరించుకున్నాడు. "పార్కింగ్ వాడు మనవైపే వస్తున్నాడు."

కారు కదిలింది. ఆసుపత్రి గేటు దగ్గర స్పీడ్ బ్రేకరును చూడగానే అక్క రెండు చేతులతో మోకాలు పట్టుకుని కళ్లు మూసుకుంది. బండి మెత్తగా లేచి మెత్తగా దిగింది. అక్క కళ్లు తెరిచింది.

"దాటేశామా?"

"ఎప్పుడో."

"బండి బాగుందే. కానీ ఇంత డబ్బాలాగా ఉందేంటి?"

మాస్టరమ్మ పకపకా నవ్వి, కూడలి దగ్గర ఇంటి వైపుకు తిప్పింది.