అఫ్జల్‌గంజ్‌లో నేను తాగని చాయ్

వాకిట్లో నీళ్లు చల్లుతుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. వదిన గడపలోనే నిలబడి "ఇంక లేడు మా" అంది. చెంబు కింద పెట్టి రోడ్డు దాటి వెళ్లాను. ఎదురింటి అన్న మంచం మీద ఉన్నాడు. ముక్కులోని గొట్టం అప్పటికే తీసేశారు. ఆరు నెలల తర్వాత ఆయన ముఖాన్ని గొట్టం లేకుండా చూడటం అదే మొదటిసారి.

ఆయన పోయి రెండు నెలలు కావస్తోంది. నేను పదో తరగతి దాకా చదివాను. రామకోటి తప్ప ఇంకేదీ రాసే అలవాటు లేదు. కానీ ఆయనతో చెప్పవలసిన మాట ఒకటి దాచుకున్నాను. దానివల్ల ఆయన నన్ను గురించి తప్పుగా అనుకునే వెళ్లిపోయాడు. నోటితో చెబుదామంటే వినేందుకు మనిషి లేడు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. మేము శాకాహారులం, వాళ్లు ముస్లింలు. ఇరవై ఏళ్ల కిందట మేము బేతంచెర్లలో ఈ ఇంటికి వచ్చిన రోజున ఒక బిందెడు మంచినీళ్లు తెచ్చి గడప బయట పెట్టి, "చెల్లెమ్మా, మీ కొళాయికి నీళ్లు మూడు దినాలకొకసారి వస్తాయి. అంతవరకు ఇవి వాడుకోండి" అన్నాడు. అప్పటినుంచి ఆయన అన్న, ఆయన భార్య వదిన. వాళ్లింట్లో నేను టీ తాగేదాన్ని. భోజనం మాత్రం చేసేదాన్ని కాదు. రంజాన్‌కు మాకు వండిన సేమ్యా పంపేవారు కాదు. పచ్చి సేమ్యా, చక్కెర, జీడిపప్పు పళ్లెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి పంపేవారు. రెండిళ్లలో ఎవరికీ దానిలో చిన్నతనం కనిపించలేదు.

అన్న బండల లారీ నడిపేవాడు. ఇక్కడి ఫ్యాక్టరీల్లో పాలిష్ పట్టిన బండలను ముప్పై ఏళ్లపాటు హైదరాబాదుకు తోలాడు. ఆ ఊళ్లో ఆయనకు తెలిసినన్ని హోటళ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు కూడా తెలియవేమో. కొత్త హోటల్ కడుతుంటే వంటింట్లో పరిచే బండలు ఈయన లారీలోనే పోయేవి. తలుపులు తెరవకముందే పొయ్యి ఎక్కడ పెడతారో, తూము ఎటు పోతుందో చూసి వచ్చేవాడు.

"ఆడ సూటూ బూటూ ఏసుకోని తినేవాళ్లంతా మన బేతంచెర్ల బండల మీదనే కాళ్లు పెట్టుకోని కూర్చుంటారు చెల్లెమ్మా. మనం లేకుంటే వాళ్లు నిలబడి తినల్ల!" అని నవ్వేవాడు.

"ఉన్నాడులే పెద్ద మొగోడు, ఊరంతా ఈయనే కట్టినట్టు" అని వదిన లోపలినుంచి అనేది.

మా అత్తగారి కంటి ఆపరేషన్‌కు మొదటిసారి హైదరాబాదు వెళ్లవలసి వచ్చినప్పుడు నాకు పెద్ద దిగులు తిండి గురించే. ముట్టుకోగూడనివి కలిసిన చోట నేను తినలేను. అన్న ఆ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకు రాయడం రాదు. చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

"సికింద్రాబాదు స్టేషన్ ముందర ఇడ్లీ హోటలుండాది. ఏడు లోపల పోవల్ల. ఆ తర్వాత చట్నీలో నీళ్లు పోస్తారు. కోఠిలో మార్వాడీల భోజనం. ఆడ చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి పుల్కా వేస్తారు, జాగ్రత్త. రెండిట్లో యాడా మాంసం ముట్టరు. వంటిల్లు చూసినాకనే చెప్తాండా."

"మరి తెలియని హోటలైతే ఎట్లన్నా?"

"యాడికి పోయినా సాంబారు వాసన చూసి కూర్చోవద్దు. ముందు చేతులు కడిగే చోటు చూడు. అది శుభ్రంగుంటే లోపల కూడా శుభ్రంగుంటుంది. నీళ్ల గ్లాసుల్లో వేళ్లు పెట్టి తెస్తే మాత్రం లేచి వచ్చేసెయ్."

ఆ మాటను ఇప్పటికీ పాటిస్తాను. ఆ ప్రయాణంలో ఆయన చెప్పిన రెండు చోట్లా తిన్నాను. కోఠిలో నిజంగానే వేళ్ల సందులోంచి పుల్కా వేశారు. తిరిగి వచ్చి ఆ మాట చెబితే, ఆయనే తిన్నంత సంబరపడ్డాడు.

అలాంటి మనిషికి గొంతు కింద, అన్నం దిగే దారిలో గడ్డ వచ్చింది. మొదట రొట్టె దిగలేదు, తర్వాత అన్నం, ఆ తర్వాత గంజి. హైదరాబాదు పెద్దాసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. వదినకు చదువు రాదు, వాళ్ల కూతురు ఆత్మకూరులో పసిబిడ్డతో ఉంది. కాగితాలు చదవడానికి నేను తోడు వెళ్లేదాన్ని. డోన్‌లో రైలెక్కి కాచిగూడలో దిగేవాళ్లం.

మొదటిసారి తిరిగి వచ్చాక మద్దిలేటి స్వామి గుడికి వెళ్లి మొక్కుకున్నాను. అన్న గొంతు దిగి ఒక్క ముద్ద పోయేదాకా నేను హోటల్ తిండి ముట్టను, అక్కడ టీచుక్క కూడా తాగను అని. ఆయనకు ఇష్టమైనదే వదులుకుంటే స్వామి వింటాడనుకున్నాను. మొక్కు తీరేలోపు నోట్లోంచి బయటికి రాకూడదని మా అమ్మ చెప్పేది. వస్తే ఫలితం పోతుందట. వదినకు కూడా చెప్పలేదు.

ఆసుపత్రి పని అయ్యాక అన్న మమ్మల్ని ఊరికే స్టేషన్‌కు రానిచ్చేవాడు కాదు. గొట్టాన్ని చెవి వెనక్కి సర్దుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని ఏదో ఒక హోటల్‌కు తీసుకుపోయేవాడు. వదినకు ఏది తెప్పించాలో ఆయనే చెప్పి, ఎదురుగా కూర్చుని చూసేవాడు. "అల్లం చట్నీ ముందు తినొద్దు, నాలుక మొద్దుబారుతుంది" అనేవాడు. నేను ఒకసారి శనివారమన్నాను, ఒకసారి ఏకాదశన్నాను. సంచిలోంచి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తీసుకుని తినేదాన్ని. "నీ దేవుళ్లు శానామంది ఉన్నారమ్మా, నాకొక్కడే, ఆయన కూడా తినొద్దన్నాడు" అని నవ్వాడు. అప్పటికి నవ్వితే గొంతులోంచి గాలి మాత్రమే వచ్చేది.

చివరిసారి డాక్టరు ఇంక రావలసిన పని లేదన్నాడు. ఆ మాట అర్థం ముగ్గురికీ తెలుసు. అన్న మమ్మల్ని ఆటో ఎక్కించి అఫ్జల్‌గంజ్ తీసుకువెళ్లాడు. బండలు దించిన ప్రతిసారీ ఆయన కూర్చున్న చాయ్ హోటల్ అది. లోపల బిర్యానీ డేగ్చాలు కనిపిస్తున్నాయి. అన్నేళ్లలో ఎన్ని హోటళ్ల గురించి చెప్పినా, మాంసం వండుతారని అక్కడికి మాత్రం నన్ను ఎప్పుడూ రమ్మనలేదు.

మూడు చాయ్‌లు తెప్పించాడు. ఒకటి వదిన ముందు, ఒకటి నా ముందు పెట్టాడు. మూడోది తన ముందే పెట్టుకుని, వంగి ఆవిరి పీల్చాడు.

"చెల్లెమ్మా, చాయ్‌లో మాంసం లేదు. పాలు, ఆకు, అంతే. ఒక్క గుక్క తాగి ఎట్లుండాదో చెప్పు. నాకు యాద్‌కు రాకుండా పోతాండాది."

నా చెయ్యి కప్పు దాకా పోయింది. డాక్టరు మాట విన్నా నాలో ఏదో మూల ఆశ చావలేదు. ఇప్పుడు మొక్కు చెడితే ఆయన్ను నేనే చంపినట్టు అనిపించింది.

"వద్దన్నా" అన్నాను.

"ఈ దినం ఏం వారం?" అని అడిగాడు. బుధవారం. నా దగ్గర ఏ సాకూ లేదు. తల వంచుకున్నాను.

నా ముందున్న కప్పు పక్కకు జరిపి, "సరేలేమ్మా. నాదే తప్పు. నిన్ను ఇట్లాటి చోటికి పిలవగూడదు" అన్నాడు. కోపంగా అనలేదు. లేచి రోడ్డు దాటి బండి మీద అరటిపండ్లు కొనుక్కొచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టి, "తొక్క తీసి తినేదానికి ఎవరి చెయ్యీ తగలదులే. తిను. ఆకలితో ఉన్నావు" అన్నాడు.

పండు మొక్కులో లేదు. అందుకని తిన్నాను. తింటుండగా ఆయన ముఖం చూశాను. తాను అనుకున్నదే నిజమని తెలిసినవాడిలా తల ఊపాడు. నేను చేసిన తప్పు అది. తినకపోయినా బాగుండేది. రైల్లో హోటళ్ల మాట ఎత్తలేదు. పదకొండో రోజున పోయాడు. ముద్ద కాదు, నీళ్లు కూడా గొంతు దిగలేదు.

నలభయ్యో రోజున వాళ్లింట్లో భోజనాలు పెట్టారు. వదిన నన్ను వెనక వరండాలోకి తీసుకుపోయింది. అక్కడ ఇటుకల పొయ్యి మీద కొత్త స్టీలు గిన్నెలు రెండు ఉన్నాయి, ఒకదానికి కంపెనీ కాగితం కూడా తీయలేదు. అన్నం, పప్పు. వండింది మా వీధి చివరి శెట్టిగారి భార్య.

"ఆయనే చెప్పిపోయినాడు మా" అంది వదిన. "నా నలభైకి చెల్లెమ్మ తప్పకుండా వస్తుంది, ఆ యమ్మకు కొత్త గిన్నెల్లో, వేరేవాళ్ల చేత వండించు అని. ఇన్నాళ్లు మనింట్లో మొహమాటానికి టీ తాగినట్టుండాది పాపం, మనమే తెలుసుకోలేదు అని శానా బాధపడినాడు."

అక్కడే కింద కూర్చుని మొక్కు సంగతి అంతా చెప్పాను. వదిన గోడకు ఆనుకుని విన్నది.

"అయ్యో, నాతోనన్నా ఒక మాట అనగూడదా" అంది. మళ్లీ తనే, "ఇప్పుడు నాకు తెలిసి ఏం లాభం? ఆయనకెట్ల చెప్పేదమ్మా?" అంది.

నాకూ తెలియదు. పూజారిగారిని అడిగితే, మనిషే లేనప్పుడు మొక్కు లేదు, మామూలుగా ఉండమన్నారు. ఉండలేకపోతున్నాను. రోజూ దీపం పెడుతున్నాను గానీ, ఏం అడగాలో తోచక చేతులు జోడించి ఊరికే నిలబడుతున్నాను.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా చదివి మడిచి బీరువాలో పెట్టండి. పారేయవద్దు, నలుగురికీ చూపించవద్దు. నేను మంచిదాన్ని అనిపించుకోవడానికి రాసినవి కావు ఇవి.

ఆ మధ్యాహ్నం పెట్టిందంతా తిన్నాను. నేను బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు పెద్ద డేగ్చాలన్నీ ఒకచోట వేసి తోముతున్నారు. నా గిన్నెలు రెండూ ఎవరో ముందే కడిగి, వాటికి దూరంగా, పిట్టగోడ మీద ఎండలో బోర్లించారు.