ఉత్త బీడీ

బోధన్ రోడ్డు మీద పల్లెటూరి హంగులతో కట్టిన ఒక థీమ్ పార్కు రిసార్టులో దిగాను. మాది నెల్లూరు. ఆ రిసార్టులో ఎడ్లబండి సహా అన్నీ ఉన్నాయి, బయటికి వెళ్లే బండి తప్ప. నిజామాబాద్ వెళ్లాలంటే గేటు ముందు షేర్ ఆటో కోసం నిలబడాల్సిందే.

ఆ సాయంత్రం ఆటోలో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. గుర్తుపట్టాను. మధ్యాహ్నం రిసార్టులోని మట్టింటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని, వచ్చినవాళ్లు చూడ్డానికి బీడీలు చుడుతూ కనిపించిన మనిషే. అందరిలాగే నేనూ అడక్కుండా ఫోటో తీసుకున్నాను.

"రోజంతా పొగాకు ఘాటుకి దగ్గు రాదా అవ్వా?" అన్నాను.

"తంబాకు యాడుంది బిడ్డా? వాసనొస్తదని పెట్టనియ్యరు. పొద్దంత ఉత్త ఆకే సుడ్త."

"ఇంటి దగ్గర అసలువి చుడతావా?"

చేతులు చాపి చూపించింది. వేళ్ల కణుపులన్నీ వాచి బిగుసుకుపోయి ఉన్నాయి.

"సిన్నప్పటి సంది సుట్టిన. గిప్పుడు ఏళ్లు వంగుతలేవు. కార్ఖానల నా బీడీలు తీస్కుంటలేరు. ఆ రిసార్టుల ఎవ్వలు కాల్చరు గద, నడుస్తున్నది."

చెరకు ట్రాక్టరు వెనక ఆటో నెమ్మదిగా పోతోంది. అవ్వే అడిగింది.

"నా ఫోటో తీసినవ్ గద, సూపెట్టు."

తీసెయ్యమంటుందనుకుంటూ ఫోను అందించాను. తన ముఖాన్ని చూసుకోనే లేదు. ఫోటోలో చేతిలో ఉన్న బీడీనే చాలాసేపు చూసింది.

"లోపట తంబాకు ఉన్నట్టే కనవడ్తున్నదా బిడ్డా?"

"ఉన్నట్టే ఉంది అవ్వా."

"అట్లయితే ఉండనియ్యి."