చింతపండుతో తోమిన జపాన్ కత్తి

ఈ రోజు కువైట్‌లోని రుమైథియాలో, ఒకప్పుడు మేం పనిచేసిన యజమాని ఇంటికి వెళ్లాను. ఆయన జపాన్ కత్తి ఏ కాలానిదో చెప్పడానికి ఒక నిపుణుడు వచ్చాడు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు యజమాని ఇల్లు వదిలి వెళ్తూ ఆ కత్తిని మాకే అప్పగించాడు. నా భార్య సుశీల దాని పిడి ఊడదీసి, ఏడు నెలలు బియ్యం బస్తాలో దాచింది.

నిపుణుడు పిడి విప్పి నిట్టూర్చాడు. "అంచు మీది అలల్లాంటి గీతలు చూస్తే జపాన్‌దే. వయసు మాత్రం పిడి లోపలి తుప్పు చెప్పాలి. దాన్ని తోమేసిన మహానుభావుడెవరు?"

"మా ఆవిడండి. చింతపండుతో తోమింది," అన్నాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో ఎందుకు తోమావని నేనడిగితే, "పరాయి సొమ్మండీ, తుప్పుతో తిరిగిస్తే మాటొచ్చేత్తది," అంది.

యజమాని నవ్వాడు. "ఆమె దాచకపోతే వయసు అడగడానికి కత్తే ఉండేది కాదు. ఖలాస్, ఇక వదిలేయండి!"

నిపుణుడు భూతద్దం పెట్టి మళ్లీ చూశాడు. "తోమాక పట్టిన తుప్పు వయసైతే చెప్పగలను. ముప్పై ఏళ్లు దాటింది."

ఆ లెక్క సరిపోయింది. సుశీల పోయి ఏడాది.

మీ ఇంట్లోనూ ఇలా తోమి వయసు చెరిపేసిన వస్తువుందా? ఉంటే, తోమినవాళ్లను ఏమీ అనకండి.